గణేశ్వరరావు అంబాసిడర్‌కి పసుపు దీపాలు

గణేశ్వరరావు భయ్యా కారును నేను మొదటిసారి చూసినప్పుడు దానికి ఒక్క దీపమే వెలుగుతోంది. 2005 జనవరి మొదటి వారం. సునామీ వచ్చి పదిరోజులైందేమో. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక బడిని శిబిరంగా మార్చి, చౌల్దారీ బళ్లో లెక్కలు చెప్పుకునే నాకు అక్కడ డ్యూటీ వేశారు. నికోబార్ నుంచీ లిటిల్ అండమాన్ నుంచీ ఓడల్లో వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం, దుప్పట్లు ఇవ్వడం నా పని. ఐదు దాటితే చీకటి పడిపోయే రోజులు. ఆ వేళప్పుడు గేటు దగ్గర ఒక పాత తెల్ల అంబాసిడర్ వచ్చి ఆగింది. కుడివైపు దీపం ఆరిపోయి ఉంది. ఎడమవైపుది కిరసనాయిలు బుడ్డిలా ఎర్రగా మినుకుమంటోంది. అందులోంచి ఆరుగురు దిగారు. చివర్న డ్రైవరు ఒక ముసలావిణ్ణి చేతుల మీద ఎత్తుకొచ్చి నా పక్కనున్న బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"రాసుకో దీదీ. ఈమెకి తెలుగూ రాదు, హిందీ రాదు. పక్కోళ్లనడిగి రాయి," అన్నాడు.

నేను అలవాటుగా, "మీ పేరు?" అన్నాను.

"నాదెందుకు? నాకు ఇల్లుంది. బ్రూక్షాబాద్‌లో."

నేనుండేదీ బ్రూక్షాబాద్‌లోనే. ఆ మాట చెబితే మొదటిసారి నా మొహంలోకి చూసి, "ఐతే రాత్రి నడిచెల్లకు. నేనొచ్చి తీసుకెల్తాను," అని మళ్లీ జెట్టీకి వెళ్లిపోయాడు. ఆ నెలంతా అలాగే తీసుకెళ్లాడు.

తర్వాత తర్వాత ఆయన సంగతులు తెలిశాయి. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు నుంచి వచ్చి ఇక్కడ వల వేసుకుని బతికాడు. తండ్రీ అంతే. గణేశ్వరరావుకి మాత్రం పడవ ఎక్కితే కడుపులో తిప్పేది. "ఇంటిల్లిపాదికీ ఎగతాళే నేను," అనేవాడు. పద్దెనిమిదేళ్లకే డ్రైవింగు నేర్చుకుని ఒక సర్కారీ ఆఫీసులో రోజుకూలీ డ్రైవరుగా చేరాడు. ఆ ఆఫీసు ముసలి అంబాసిడర్‌ను వేలం వేస్తే, తను ఏళ్ల తరబడి తోలిన బండి ఇంకొకరి చేతిలో పడడం ఇష్టం లేక తనే కొనుక్కున్నాడు.

సునామీ వచ్చిన ఆదివారం పొద్దున ఒక పెళ్లివారింటికి చేపలు తేవడానికి జంగ్లీఘాట్ రేవుకి వెళ్లాడట. భూమి ఊగింది. కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి నీళ్లు వెనక్కిపోయి పడవలన్నీ బురదలో ఒరిగిపోవడం చూసి, ఎవరో పరిగెత్తమంటే అందరితోపాటూ గట్టు మీదికి పరిగెత్తాడు. మధ్యాహ్నం దిగొచ్చేసరికి కారు ఉన్నచోట లేదు. నూరు గజాల అవతల ఒక గోడకు చేరబడి ఉంది. హెడ్‌లైట్ల గిన్నెల్లో సగం దాకా ఉప్పునీళ్లు, అడుగున ఇసుక. ఆయనా, భార్య యర్రమ్మా రెండు రోజులపాటు బావినీళ్లు పోసి పోసి కడిగారు. ఇంజను విప్పి ఆరబెట్టి ఎలాగో బతికించాడు. దీపాల జోలికి వెళ్లే తీరిక లేకపోయింది. ఓడలు వస్తున్నాయి, మనుషులు దిగుతున్నారు. బండి కదిలితే చాలనుకున్నాడు.

శిబిరం ముగిసి మా బడి మళ్లీ తెరిచాక, బ్రూక్షాబాద్ నుంచి చౌల్దారీ వెళ్లే నలుగురం టీచర్లం ఆయన కారునే మాట్లాడుకున్నాం. ముందు సీట్లో ఆయన పక్కన నేను, వెనక ముగ్గురు.

దారిలో సిప్పీఘాట్ దగ్గర అప్పట్లో రోడ్డు ఎలా ఉండేదో చెబితే ఇప్పటివాళ్లు నమ్మరు. భూకంపానికి అక్కడి నేల కుంగిపోయింది. అంతకుముందు రోడ్డుకి రెండువైపులా వరిచేలుండేవి, కొంగలు వాలేవి. ఆ చేలన్నీ సముద్రమైపోయాయి. చచ్చిన కొబ్బరిచెట్లు నీళ్లలో మొండాలుగా నిలబడి ఉండేవి. పోటు ఎక్కువగా ఉన్న రోజున నీళ్లు రోడ్డు మీదికే వచ్చేసేవి. పగలైతే పరవాలేదు. పదో తరగతికి ప్రత్యేక క్లాసులు చెప్పి బయల్దేరేసరికి మాకు పొద్దువాలేది. వాన ముసురు పట్టిన రోజున నాలుగున్నరకే మసక. అప్పుడు ఏది నీళ్లో, ఏది తారో కనిపించేది కాదు.

జూలైలో ఒక సాయంత్రం ఆయన నడిరోడ్డు మీద కారు ఆపేశాడు.

"ఏమైంది భయ్యా?"

"దీపం ఉందంతే దీదీ, రోష్నీ లేదు. నాకు అంచు కనబడ్డం లేదు."

తలుపు తీసుకుని దిగాడు. పంట్లాం మోకాళ్ల దాకా మడుచుకుని, ఆ వానలో పాదాలతో తడుముకుంటూ ముందుకు నడిచాడు. ఎడమ చక్రానికీ లోతు నీళ్లకూ మధ్య ఒక మూర స్థలం కూడా లేదు. తిరిగొచ్చి కారును అడుగడుగుగా నడిపించి ఒడ్డు చేర్చాడు. ఇంటి దగ్గర మమ్మల్ని దించేటప్పుడు, "ఇలా కుదరదు. బండికి కళ్లు మార్పించాల," అన్నాడు.

మా దారిలోనే ఉన్న గరాచరమలో నూకన్న అని కార్ల కరెంటు పని చేసే ఆయన ఉండేవాడు. నెమ్మదైన మనిషి, మాట కన్నా ముందు వైరు పట్టుకుని చూసేవాడు. ఒక ఆదివారం బజారుకి వెళ్తూ నేనూ అక్కడ ఆగాను. నూకన్న దీపాలు విప్పి లోపలి గిన్నెలు చూపించాడు. అద్దంలా మెరవాల్సినవి ఉప్పు తిని మసిబొగ్గులా ఉన్నాయి.

"గిన్నెలు కొత్తవి కావాల. అది సరే. అసలు జబ్బు వైర్లలో ఉంది," అన్నాడు నూకన్న. "బ్యాటరీ కరెంటు డాష్‌బోర్డు స్విచ్చుకెల్లి, మళ్లీ దీపం దాకా తిరిగొచ్చేసరికి దార్లోనే సగం సచ్చిపోతంది. లావు వైర్లేసి, ఒక రిలే పెడితే, స్విచ్చు హుకుం ఇస్తాది, కరెంటు బ్యాటరీ నుంచి సీదా దీపానికెల్తాది."

"దానికెన్ని రోజులు?"

"సామాను చెన్నై నుంచి ఓడలో రావాల. నెల."

"నెల ఆగలేను నూకన్నా. వంద వాట్ల బల్బులున్నాయి కదా, అవి ఏసేయ్."

"ఏస్తే ఏస్తాను. ఎలుతురు నీకు రాదు, ఎదుటోడి కళ్లల్లోకి పోతాది. ఆలోచించుకో."

గణేశ్వరరావు ఆలోచించుకోలేదు. దొరికిన గిన్నెలేవో బిగించుకుని, వంద వాట్ల బల్బులు వేయించుకున్నాడు. మర్నాడు సాయంత్రం వాటిని వెలిగించినప్పుడు వెనక సీట్లో టీచర్లు చప్పట్లు కొట్టారు. చచ్చిన కొబ్బరిమొండాల కొసలు కూడా తెల్లగా మెరిశాయి. ఆయన మొహంలో చిన్నపిల్లాడి సంబరం. నిజం చెప్పాలంటే నేనూ సంతోషించాను. ఆ దీపాలు చెట్ల కొసల మీద ఎందుకు పడుతున్నాయో లెక్కల టీచరునై ఉండి నాకు తట్టలేదు.

పదిరోజులైంది. ఆగస్టు. చిన్న తుంపర. సిప్పీఘాట్ మలుపు తిరిగేసరికి ఎదురుగా ఒక సైకిలు వస్తోంది. వెనక రెండువైపులా పాలక్యాన్లు. మా వెలుగు మీద పడగానే సైకిలు మనిషి ఒక చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సైకిలు రెండు వంకర్లు తిరిగింది. తర్వాత ఆ వెలుగులో రోడ్డు ఖాళీగా ఉంది.

గణేశ్వరరావు దిగి పరిగెత్తాడు. పడవ ఎక్కితే కడుపు తిప్పే మనిషి ఛాతీలోతు నీళ్లలోకి దిగాడు. మేం పైనుంచి చీరకొంగులు ముడివేసి అందించాం. బయటికి లాగేసరికి ఆ మనిషి ప్రాణానికి ముప్పేమీ లేదు కానీ కాలు మోకాలి కింద వంకరగా వేలాడుతోంది. పాలన్నీ ఉప్పునీళ్లలో తెల్లగా విచ్చుకుపోయాయి.

అతని పేరు లక్ష్ముడు. మేం ఆస్పత్రికి తీసుకెళ్తున్నంతసేపూ మూలుగుతూ ఒకటే మాట అన్నాడు: "ఎండలోకి చూసినట్టైంది భాయ్. ఏటీ కనపళ్లేదు."

ఆస్పత్రి వరండాలో గణేశ్వరరావు నా పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తడిబట్టల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"నూకన్న చెప్పినాడు దీదీ. నువ్వూ ఇన్నావు," అన్నాడు.

విన్నాను నిజమే.

ఆయన ఆ రోజే బల్బులు పీకించేశాడు. రెండు నెలలపాటు పొద్దువాలాక కారు తియ్యలేదు. మేమే బడివాళ్లను బతిమాలి ప్రత్యేక క్లాసులు పొద్దున పూటకి మార్పించుకున్నాం. లక్ష్ముడికి గరాచరమలో బంధువుల ఆవులే ఆధారం. సిప్పీఘాట్‌లో అతనికున్న వరిమడి ఇప్పుడు సముద్రం అడుగున ఉంది. అందుకే ఆ పాల వ్యాపారం. అతని కాలు కట్టులో ఉన్నన్నాళ్లూ ఆ క్యాన్లు మా కారు డిక్కీలో వచ్చాయి. చౌల్దారీలో ఒక్కో గుమ్మం దగ్గరా గణేశ్వరరావే దిగి పాలు కొలిచి పోసేవాడు. మొదట్లో లక్ష్ముడు ఆయనతో మాట్లాడేవాడు కాదు. ఇంటికి వెళ్తే గోడవైపు తిరిగి పడుకునేవాడట. అయినా ఆయన రోజూ వెళ్లేవాడు. ఒకరోజు యర్రమ్మ చేసిన చేపల పులుసు తీసుకెళ్లి మంచం పక్కన పెట్టి వస్తుంటే లక్ష్ముడు వెనక్కి పిలిచాడు.

"అన్నా, నీకు పాలు కొలవడం రాదు. మూడో ఇంటామెకి ఎక్కువ పోస్తన్నావంట. వాళ్లు రేపట్నుంచి నాకాడా అంతే అడుగుతారు."

గణేశ్వరరావు ఆ మాట మాకు చెప్పి నవ్వాడు. ఆగస్టు తర్వాత ఆయన నవ్వగా చూడడం అదే మొదటిసారి.

అక్టోబరులో ఓడలో సామాను వచ్చింది. నూకన్న రెండు రోజులు బానెట్ కిందే ఉన్నాడు. పాత వైర్లన్నీ పీకేసి లావువి వేశాడు. ఉప్పు పట్టిన చోటల్లా గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, గ్రీజు పూశాడు. రిలేలు పెట్టాడు. బల్బులు మామూలువే, అరవై వాట్లవి. అవే మునుపటి వంద వాట్లవాటి కన్నా నిండుగా వెలిగాయి. ఆ పైన బంపరు కింద, నేలకి బాగా దగ్గరగా, రెండు పసుపు దీపాలు బిగించాడు.

"ఫాగ్ లైట్లా? అండమాన్‌లో మంచెక్కడిది నూకన్నా?" అన్నాను నేను.

"మంచు లేకపోతే వాన ఉంది కదమ్మా. వానలో పెద్ద దీపం ఏస్తే ఎలుతురంతా చినుకుల మీదే ఆగిపోయి తెల్లగోడ కట్టినట్టుంటాది. ఇవి కిందనుంచి, చినుకుల కింద దూరి, రోడ్డు అంచు మీద పడతాయి. దూరం కనపడదు. దూరం ఎందుకు, నెమ్మదిగా ఎల్లేటోడికి?"

ఇక మిగిలింది దీపాల చూపు సరిచెయ్యడం. అందుకు చదునైన నేలా, ఎదురుగా గోడా కావాలి. మా బడి ఆవరణ సరిపోయింది. ఆ పని నాకు ఇప్పటికీ బాగా గుర్తు, ఎందుకంటే అందులో నా పాత్ర ఉంది. నూకన్న అడిగినట్టు గోడకి ఇరవై ఐదు అడుగుల దూరంలో కారు నిలబెట్టించాను. దీపాల నడిమి ఎత్తు కొలిచి గోడ మీద సుద్దముక్కతో అడ్డగీత గీశాను. దానికి రెండు అంగుళాల కింద ఇంకో గీత. వెలుగు పైఅంచు ఈ రెండో గీత దాటకూడదు.

పొద్దు గుంకాక గణేశ్వరరావు స్విచ్చు వేశాడు. నూకన్న మరలు తిప్పి తిప్పి వెలుగును గీత కిందికి దించాడు. సరిగ్గా కుదిరింది. అప్పుడు నాకొక అనుమానం వచ్చింది.

"వెనక ముగ్గురు కూర్చుంటే కారు వెనక దిగి, ముందు లేవదా? అప్పుడు దీపం గీత దాటుతుంది కదా?"

నూకన్న తల గోక్కున్నాడు. "లెక్కల టీచరమ్మ సరిగ్గా సెప్పింది."

మా టీచర్లు ముగ్గురినీ పిలిచి వెనక సీట్లో కూర్చోబెట్టాం. వెలుగు నిజంగానే జానెడు పైకి లేచింది. మళ్లీ మరలు తిప్పడం మొదలుపెట్టాడు నూకన్న. ముప్పావుగంట సేపు వాళ్లు ఫొటోకి కూర్చున్నట్టు కదలకుండా కూర్చున్నారు. అందులో ఒకావిడ తుమ్మితే గోడ మీద వెలుగు ఊగింది. "తుమ్మకు దీదీ," అన్నాడు గణేశ్వరరావు చాలా సీరియస్‌గా. ఆ మాటకి అందరం ఒక్కసారే నవ్వేశాం. నవ్వులు ఆగేదాకా వెలుగు నిలవలేదు.

అంతా అయ్యాక ఆయన లక్ష్ముణ్ణి తీసుకొచ్చాడు. కట్టు విప్పారు కానీ ఇంకా కర్ర మీదే నడుస్తున్నాడు. కారు దీపాలు వేసి, లక్ష్ముణ్ణి ఎదురుగా రోడ్డు మీద నిలబెట్టి, "కళ్లల్లో పడతందా?" అని అడిగాడు.

"లేదు."

"సైకిలు ఎత్తు నుంచి చూడు. కొద్దిగా వంగు."

"లేదన్నా. నీ బండి నంబరు కూడా కనబడతంది."

గణేశ్వరరావు స్టీరింగు మీద నుదురు ఆన్చాడు.

కుంగిన రోడ్డు అంచున గుర్తు కర్రలు పాతాలన్న ఆలోచన లక్ష్ముడిది. మునిగిన చేను అతనిది కాబట్టి ఎక్కడ గట్టు గట్టిగా ఉందో, ఎక్కడ బురదో అతనికి తెలుసు. వెదురు గెడలకి సున్నం పూసి, ఇద్దరూ కలిసి ఒక ఆదివారమంతా పాతారు. లక్ష్ముడు కారు బానెట్ మీద కూర్చుని కర్రతో చోటు చూపిస్తుంటే గణేశ్వరరావు నీళ్లలో నిలబడి దిగ్గొట్టాడు. పసుపు వెలుగు పడితే ఆ గెడలు ఒక్కొక్కటీ లేచి నిలబడినట్టుండేవి.

డిసెంబరులో వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఎడతెగని వాన. పదో తరగతి పిల్లల్ని పట్నంలో పోటీపరీక్షకి తీసుకెళ్లి బస్సులో వెనక్కి తెస్తున్నాం. ముప్పైరెండు మంది పిల్లలు. గణేశ్వరరావు కారు మా వెనకే వస్తోంది. అందులో మిగతా టీచర్లూ, ముందు సీట్లో లక్ష్ముడూ. సిప్పీఘాట్ చేరేసరికి నాలుగున్నర. సముద్రం పోటు మీదుంది. రోడ్డు లేదు, నీళ్లే ఉన్నాయి. బస్సు డ్రైవరు బ్రేకు వేసి, "నేను పోను మేడమ్. పిల్లలున్నారు," అన్నాడు హిందీలో. అతని తప్పేం లేదు. వెనక్కి తిప్పడానికీ చోటు లేదు. పిల్లల్లో ఒకమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది. సునామీ నాడు ఆ పిల్ల ఇల్లు పోయింది.

గణేశ్వరరావు కారు పక్కనుంచి మెల్లిగా ముందుకొచ్చి ఆగింది. అద్దం దించి, "డ్రైవర్ సాబ్, నా ఎనకాలే రా. నా చక్రాలు ఎక్కడ పడితే నీవీ అక్కడే," అన్నాడు. పెద్ద దీపాలు ఆర్పేసి పసుపువి మాత్రమే ఉంచాడు.

నేను బస్సు మెట్టు మీద నిలబడి చూశాను. నీళ్లు జానెడు లోతుంటాయి. ఆ నీళ్ల మీద పసుపు వెలుగు చాపలా పరుచుకుని, దాని అంచున ఒక తెల్లగెడ కనిపించేది. అది దాటగానే ఇంకొకటి. లక్ష్ముడు కిటికీలోంచి తల బయటపెట్టి గట్టిగా చెబుతున్నాడు, "ఇక్కడ గట్టి. ఇక్కడ కుడికి. ఇది మా మడి మూల, ఇక్కడ జారుద్ది, ఇంకాస్త కుడికి." ఎదురుగా అవతలి ఒడ్డున ఒక జీపు ఆగి ఉంది. మా వెలుగు జీపు డ్రైవరు కళ్లలో పడ్డం లేదు కనక అతను కూడా తొందరపడకుండా, తన దీపాలు దించి మాకోసం ఆగాడు. ఆ అరకిలోమీటరు దాటడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఏడ్చిన పిల్ల మధ్యలో ఎప్పుడో ఏడుపు మాని గెడలు లెక్కపెట్టసాగింది. ఒడ్డు చేరాక, "నలభై ఒకటి టీచర్," అని చెప్పింది.

బస్సు డ్రైవరు దిగి గణేశ్వరరావుకి నమస్కారం పెట్టాడు. ఆయన లక్ష్ముణ్ణి చూపించి, "రాస్తా ఇతనిది. నేను డ్రైవర్నే," అన్నాడు.

ఆ తర్వాత రెండు మూడేళ్లకి రోడ్డు ఎత్తు చేశారు. రాళ్లు పోసి, గట్టు కట్టి, తెల్లరాళ్లు పాతారు. గెడలు కుళ్లి పడిపోయాయి. ఆ రోడ్డు మీద కొత్త కార్లు చెన్నై నుంచి దిగి, ఒకదాన్ని మించి ఒకటి తెల్లగా మండే దీపాలతో పోతుండేవి. అలాంటి బండి ఎదురైనప్పుడల్లా గణేశ్వరరావు కారు పక్కకి తీసి ఆపేసేవాడు. తిట్టేవాడు కాదు. పెట్రోలు బంకులో ఆ బండి మళ్లీ కనిపిస్తే మాత్రం డ్రైవరు దగ్గరికి వెళ్లి, "భయ్యా, నీ దీపం కొంచెం కిందికి దించుకో. ఎదుట సైకిలోళ్లుంటారు," అని చెప్పేవాడు. కొందరు వినేవారు. కొందరు ఆయన పాత చొక్కా చూసి అద్దం ఎత్తేసేవారు.

నేను పన్నెండేళ్లు ఆ ముందు సీట్లో ప్రయాణం చేశాను. మా పిల్లల చదువులు, యర్రమ్మ మోకాళ్ల నొప్పులు, లక్ష్ముడు కొన్న రెండు సొంత ఆవులు, అన్నీ ఆ సీట్లో మాట్లాడుకున్నవే. వానాకాలం సాయంత్రాలు ఆయన పసుపు దీపాల స్విచ్చు వేస్తే టక్కుమని చిన్న చప్పుడు, బానెట్ కింద రిలే. ఆ చప్పుడు వింటే చాలు, వెనక టీచర్లు కబుర్లు ఆపకుండానే కొంగులు సర్దుకుని నిశ్చింతగా వెనక్కి ఆనుకునేవారు.

ఆయన కంటిలో శుక్లాలు వచ్చినప్పుడు తనే చెప్పాడు. "దీదీ, నిన్న మలుపులో ఆవు నాకు ఆలస్యంగా కనబడింది. ఇంక తోలను." ఆపరేషన్ అయ్యాక చూపు వచ్చింది కానీ మళ్లీ స్టీరింగు పట్టలేదు. కారు కాగితాల గడువు కూడా అయిపోయింది. తుక్కు కింద తీసుకెళ్లే రోజున ఆయన ఇంట్లో ఉండలేక మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. నేను రెండుసార్లు టీ ఇస్తే రెండూ చల్లారబెట్టుకుని, తాగకుండానే వెళ్లిపోయాడు.

ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌లో కూతురి దగ్గరుంటున్నారు. కిందటేడు నేను బస్సులో వెళ్లి వాళ్లింట్లో రెండు రోజులున్నాను. ఆయన పెరట్లో బీరపాదులు పెట్టాడు. మధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టి ఒక్కో పాదూ చూపించాడు. యర్రమ్మ పక్కనుంచి, "పందిరి ఎత్తు సరిపోలేదని మూడుసార్లు పీకి కట్టినాడు టీచరమ్మా, కూతురు తిట్టినా ఇనడు," అంది. ఆయన విననట్టే ఒక లేత బీరకాయ కోసి నా చేతిలో పెట్టి, రాత్రికి అది పప్పులో వెయ్యమని కూతుర్ని కేకేశాడు.